బస్తరు ఇనుము: బాణము మొదలు ఔషధము వఱకు

విశాఖపట్టణమున రైలెక్కి, అనంతగిరి సొరంగములు దాటి, అరకులోయ మీదుగా కొరాపుట్టు, జయపురము, జగదల్పురము గడచి కిరందూలు చేరునంతవఱకు ప్రయాణికునకు ఎదురువచ్చు సరకుబండ్లలో హెచ్చుభాగము ఒకే వస్తువును మోసికొని వచ్చుచుండును. అది ఎఱ్ఱని రాయి. బస్తరు సీమలోని బైలదిలా కొండలనుండి త్రవ్వితీసిన ఇనుపరాయి. కొత్తవలస మొదలు కిరందూలు వఱకు 446 కిలోమీటర్ల పొడవుగల ఈ మార్గము ముఖ్యముగా ఆ రాతికొఱకే 1960ల దశకమున నిర్మింపబడినది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఉద్యోగధర్మముగా నేను ఢిల్లీనుండి వచ్చి ఆ దారిని ప్రయాణము చేయవలసివచ్చెను. నా సంచిలో కచేరి కాగితములతోబాటు మా మేనత్తగారి వైద్యపు కాగితములు కూడ ఉండెను. ఆమెకు రొమ్ము కాన్సరు. తిరుగుప్రయాణమున విశాఖలో నొక వైద్యునకు ఆ కాగితములు చూపవలెనని నా సంకల్పము. రైలెక్కుటకు ముందు ఆమెను చూడబోయితిని. మూడవ విడత మందు ఎక్కించి ఎక్కువ దినములు కాలేదు. తలవెండ్రుకలు రాలిపోయినవి, నోరంతయు పూసినది, మజ్జిగకూడ మ్రింగలేకుండెను. నన్ను చూచి నీరసముగా నవ్వి, "ఏమిట్రా నాయనా, జబ్బు ఒక్కచోటే గదా! మందు మాత్రం ఒళ్ళంతా ఎందుకురా కాల్చాలి? ఉన్నచోటికే పంపలేరూ?" అని యడిగినది.

నేను చరిత్ర చదివి పట్టము పుచ్చుకొన్నవాడను. వైద్యమును, రసాయనమును ఎఱుగను. ఆనాడు సమాధానము చెప్పలేకపోతిని. తరువాత తీరిక చిక్కినపుడెల్ల ఆ ప్రశ్న వెంటబడి పోగా, అది నన్ను చిత్రముగా ఆ బండ్లలోని ఎఱ్ఱరాతి యొద్దకే తిరిగి చేర్చినది. ఆ వృత్తాంతమునే మన సంఘ సంచికలో మిత్రులకు మనవి చేయుచున్నాను.

బస్తరు తెలుగువారికి పరాయిసీమ కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటిపోయి అచ్చట రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు సంప్రదాయము. శంకినీ డంకినీ నదుల సంగమమున వెలసిన దంతేశ్వరి ఆ వంశమువారి ఇలవేల్పు. దక్షిణమున కోంట, భోపాలపట్టణము ప్రాంతములలో నేటికిని తెలుగు వినవచ్చును. 2000వ సంవత్సరము నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో ఈ సీమ చేరినది. బైలదిలా యనగా ఎద్దు మూపురమని అర్థము. ఆ కొండవరుసను దూరమునుండి చూచినవారికి ఆ పేరు తగినదే యనిపించును.

ఆ సీమలోని ఇనుము దొరలు వచ్చి కనుగొనుటకు ఎంతో ముందే అడవులవారికి తెలియును. మట్టితో చిన్నకొలిమి కట్టి, బొగ్గును ఇనుపరాతిని పొరలుపొరలుగా వేసి, కాళ్ళతో తిత్తులు త్రొక్కి మధ్య హిందూదేశపు కొండజాతులవారు ఇనుము తీయుచుండిరి. వారిలో అగారియా జాతివారి ఆచారములను, కొలుములను గూర్చి వెరియర్ ఎల్విన్ 1942లో ఒక గ్రంథమే వ్రాసెను. ఆ ఇనుముతో నాగటికఱ్ఱు, గొడ్డలి, బాణపుములికి తయారయ్యెడివి. నేడు కొలుములు చల్లారినను, కొండగాము ప్రాంతపు కమ్మరులు ఇనుపరేకును సుత్తెతో సాగగొట్టి చేయు దీపపుసెమ్మెలు, లేళ్ళు, నెమళ్ళు దేశమంతట అమ్ముడుపోవుచున్నవి.

కొలిమిలో ఇనుము వేఱుపడగా మిగులునది చిట్టెము. మన వైద్యులు దానినికూడ పాఱవేయలేదు. మండూరమను పేరుతో పాత ఇనుపచిట్టెమును శుద్ధిచేసి, భస్మముగా మార్చి, పాండురోగమునకు, అనగా రక్తహీనతకు, ఇచ్చుచుండిరి. నాగటిని, బాణమును ఇచ్చిన కొలిమియే మందునుకూడ ఇచ్చినది.

ఇచ్చట ఇనుపరాతులలోని ఒక భేదమును తెలిసికొనవలెను. బైలదిలా రాయి హెమటైటు జాతిది. రెండుపాళ్ళు ఇనుము, మూడుపాళ్ళు ఆమ్లజని పరమాణువుల కలయిక. ఇంచుమించు మన త్రుప్పువంటిది. దీనియందు ఇనుము సమృద్ధియే గాని సామాన్యమైన అయస్కాంతము దీనిని లాగజాలదు. మూడుపాళ్ళు ఇనుము, నాలుగుపాళ్ళు ఆమ్లజని కలసినచో అది మాగ్నటైటు. అయస్కాంతమును చూడగనే పరుగెత్తు నల్లని రాయి. ఉత్తర తెలంగాణమున నిర్మల, కోనసముద్రము ప్రాంతములలో జగత్ప్రసిద్ధమైన ఉక్కును తయారుచేసినవారు ఈ నల్లని ఇసుకనుండి తీసిన ఇనుమును వాడుచుండిరి. మన "ఉక్కు" అను మాటయే పాశ్చాత్యుల నోట "వూట్జ్" అయినదని పెక్కుమంది అభిప్రాయము.

ఇక అయస్కాంతము వైద్యమున ఎప్పుడు ప్రవేశించినది? సుశ్రుతసంహితలో శరీరమున నాటుకొన్న శల్యమును, అనగా బాణపుములికివంటి దానిని, వెలికితీయుటకు చెప్పిన 15 ఉపాయములలో అయస్కాంతము ఒకటి. అయితే ఆ ఆచార్యుడు దానికి నిబంధనలు విధించెను. ములికి వచ్చినదారిలోనే తిన్నగా ఉండవలెను. కండకు చిక్కుకొని యుండరాదు. దానికి కొక్కెములు ఉండరాదు. గాయపుముఖము విశాలముగా ఉండవలెను. అప్పుడే అయస్కాంతము పనికివచ్చును. లాగు శక్తి యున్నంత మాత్రమున చాలదు, దారియు అనుకూలింపవలెనని ఆయన గ్రహించెను. ఐరోపాలో 1624 ప్రాంతమున ఫాబ్రిషియస్ హిల్డానస్ అను శస్త్రవైద్యుని భార్య మారీ కోలినే ఒకని కంటిలో గ్రుచ్చుకొన్న ఇనుపతునుకను అయస్కాంతముతో తీయించెను. ఆ కీర్తి భార్యదేయని ఆ వైద్యుడే వ్రాసిపెట్టెను.

కాన్సరుచికిత్సకు అయస్కాంతమును వాడు విద్య మన పూర్వులకు ముందే తెలియునని చెప్పుట నా ఉద్దేశము కాదు. అట్టి గొప్పలు చరిత్ర కాజాలవు. వారు అయస్కాంతముతో ఇనుమును బయటికి తీసిరి. ఇనుమును లోపలికి నడిపించి, కోరినచోట నిలుపుట ఇరువదవ శతాబ్దపు ఆలోచన.

ఆ ఆలోచనకు రెండు మూలములు కలవు. మొదటిది మైకేల్ ఫారడే. ఆయన 1819లో లండనున మన దేశపు ఉక్కును పరీక్షించి వ్యాసము ప్రకటించెను. 1831లో ఆయనయే, మాఱుచుండు అయస్కాంతక్షేత్రము విద్యుత్తును పుట్టించునని కనుగొనెను. తీగచుట్టల విద్య యంతయు ఆ సూత్రముపై పెరిగినదే. రెండవది జర్మను శాస్త్రజ్ఞుడు పౌల్ ఎర్లిష్ ఇరువదవ శతాబ్దారంభమున వెలిబుచ్చిన కోరిక. ఆరోగ్యవంతమైన కండను తాకక, రోగమును మాత్రమే పోయి కొట్టు మంత్రశరమువంటి మందు కావలెనని ఆయన కాంక్షించెను. దండకారణ్యమున రామబాణపు కథలు విని పెరిగిన మనకు ఈ కోరిక తెలియనిది కాదు. మా మేనత్తగారు అడిగినదియు ఇదియే.

రాచపుండని మన పెద్దలు పిలిచిన ఈ వ్యాధికి సాధారణముగా వాడు మందులు వేగముగా పెరుగు జీవకణములను చంపును. వ్యాధికణములు వేగముగా పెరుగును, నిజమే. కాని వెండ్రుకల కుదుళ్ళు, నోటి పొర, ప్రేగుల పొర, ఎముకల మూలుగలోని కణములు కూడ వేగముగా పెరుగునవే. మందు రక్తమున కలసి అంతట తిరుగుట చేత దోషి, నిర్దోషి కూడ శిక్షింపబడుదురు. మందు ఉన్నది, దానిని చేర్చు దారి లేదు. వ్యాధి యొక్కచోట నున్నను ఒళ్ళంతయు కాలుటకు కారణమిదే.

1957లో షికాగో నగరమున గిల్క్రిస్ట్ అను శస్త్రవైద్యుడును అతని సహచరులును ఒక ప్రయోగము ప్రకటించిరి. కాన్సరు వ్యాపించు రసగ్రంథులకు మిక్కిలి సూక్ష్మమైన ఇనుప ఆక్సైడు రేణువులను చేర్చి, బయటనుండి వేగముగా మాఱు అయస్కాంతక్షేత్రమును ప్రయోగింపగా రేణువులు వేడెక్కి, ఆ గ్రంథులు మాత్రమే కాగునని వారు కుక్కలయందు చూపిరి.

అదే కాలమున బస్తరులో జరిగినదేమి? బైలదిలా రాతిని ప్రమథనాథ బోసు 1899-1900 ప్రాంతమున పరీక్షించియుండెను. 1934-35లో క్రూక్‌షాంక్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కొండలను కొలిచి నిక్షేపములకు 1 మొదలు 14 వఱకు అంకెలు వేసెను. 1950ల దశకపు నడుమ జపాను నిపుణులు వచ్చి చూచిరి. 1958 నవంబరులో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఏర్పడినది. దాని ప్రధాన కార్యాలయము మన హైదరాబాదున నున్నది. 1960లో జపానుతో ఒడంబడిక కుదిరినది. 1968లో కిరందూలు కడ 14వ నిక్షేపమున గని ప్రారంభమైనది. 1976లో విశాఖలో పెద్ద ఓడలకొఱకు వెలుపలి రేవు సిద్ధమైనది. ఒకచోట ఇనుప ఆక్సైడును మిల్లీగ్రాములలో తూచి రోగిలోనికి పంపు యత్నము. మఱియొకచోట అదే ఆక్సైడును లక్షల టన్నులలో తూచి సముద్రము దాటించు యత్నము. ఈ రెంటికి నాడు ఏ సంబంధమును లేదు. పదార్థము మాత్రము ఒకే కుటుంబమునకు చెందినది.

ఈ విద్యయందు రేణువుయొక్క పరిమాణమే కీలకము. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు ఒక నానోమీటరు. 10 నానోమీటర్ల రేణువులను ప్రక్కప్రక్కన పేర్చినచో ఒక్క మిల్లీమీటరునకు లక్ష పట్టును. మాగ్నటైటును ఇంత సూక్ష్మముగా చేసినపుడు దానికొక విశేషగుణము వచ్చును. అయస్కాంతము దగ్గఱనున్నంతవఱకు బలముగా ఆకర్షింపబడును. దానిని తొలగించిన వెంటనే ఆకర్షణ నంతయు మఱచిపోవును. బదిలీయైన అధికారియెడ కచేరీవారి భక్తి యెట్టిదో, ఇదియు నట్టిదే! ఈ మఱపు రోగికి రక్షణ. మఱవని రేణువులు ఒకదాని నొకటి లాగికొని గడ్డకట్టి రక్తనాళములను అడ్డగించును. సూక్ష్మరేణువుల ఈ స్వభావమునకు సిద్ధాంతము చెప్పిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ నీల్‌కు 1970లో నోబెలు బహుమానము లభించినది.

ఈ రేణువులను బైలదిలా రాతిని దంచి చేయుదురని భ్రమపడరాదు. ఇనుపలవణములు రెండింటిని తగుపాళ్ళలో నీట కరగించి, క్షారమును చేర్చగా నల్లని మడ్డి దిగును. దానికి చక్కెరజాతి పదార్థమునో, తత్తుల్యమైన మఱియొకదానినో పైపూత పూయుదురు. పూత లేనిచో శరీరరక్షకకణములు వెంటనే పట్టుకొని కాలేయమునకు, ప్లీహమునకు చేర్చును. పూతకు మందును అంటించి, రక్తమున ఎక్కించి, గడ్డయున్నచోట బయట అయస్కాంతమును నిలిపినచో రేణువులు అచ్చట ఆగవలెను. మందును అచ్చటనే విడువవలెను. పని ముగిసిన పిదప ఆ ఇనుమును శరీరము క్రమముగా తన నిలువలో కలుపుకొనును. మనిషి శరీరమున 4 గ్రాముల వఱకు ఇనుము సహజముగనే యుండును గనుక అది పరాయివస్తువు కాదు.

ఆశ ఇట్టిది. ఆచరణము ఎట్లున్నది? 1978లో షికాగోలోనే విడ్డర్ అను యువశాస్త్రజ్ఞుడును మిత్రులును రేణువులకు కాన్సరు మందును జతచేసి ఎలుకలయందు పరీక్షింపసాగిరి. 1996లో జర్మనీయందు లూబ్బే అను వైద్యుడును సహచరులును మొట్టమొదటిసారిగా మనుష్యులయందలి ఫలితములను ప్రకటించిరి. ముదిరిన కాన్సరు గల 14 మంది రోగులకు ఈ విధముగా మందు నిచ్చిరి. చాలవఱకు రోగులు దానిని సహించిరి. కాని ఇంచుమించు సగముమందియందే రేణువులు గడ్డను చేరినవి.

కారణము సుశ్రుతుడు చెప్పినదే: దారి యనుకూలింపలేదు. అయస్కాంతశక్తి దూరమునకు శీఘ్రముగా క్షీణించును. చర్మము క్రింది గడ్డ వేఱు, కడుపు లోతుననుండు గడ్డ వేఱు. రక్తప్రవాహపు వేగము రేణువులను నిలువనీయదు. అందుచేతనే ఇన్నాళ్ళకును ఈ పద్ధతి సామాన్యమైన ఆసుపత్రి చికిత్స కాలేదు.

వేడిచేయు పద్ధతి మఱికొంత ముందునకు పోయినది. బెర్లినులో ఆండ్రియాస్ యోర్డాన్ కృషివలన మెదడులోని గడ్డకు రేణుద్రవమును సూదితో నేరుగా ఎక్కించి, అయస్కాంతక్షేత్రముతో వేడిచేయు చికిత్సకు 2010లో ఐరోపాలో అనుమతి లభించినది. 2011లో 59 మంది రోగుల ఫలితములు ప్రకటితమైనవి. అవి ఆశాజనకముగనే కనబడినవి. కాని సాటి రోగులకు మామూలు చికిత్స ఇచ్చి సరిపోల్చిన పరీక్ష కాదు గనుక నిశ్చయముగా చెప్ప వీలులేదు. పండ్లలోని లోహపు పూరకములను తీసివేయవలసివచ్చుట, ఆపైన మెదడుచిత్రములు తీయుట కష్టమగుట వంటి చిక్కులును ఉండెను. ఆ సంస్థ 2022లో దివాలా తీసినది. శాస్త్రము ముందునకు పోయినంత మాత్రమున వర్తకము దానివెంట నడువదు.

అయినను ఇనుపరేణువులు వైద్యమున ఊరక యుండలేదు. మూత్రపిండవ్యాధిగ్రస్తుల రక్తహీనతకు ఇట్టి రేణువుల మందొకటి 2009లో అమెరికాయందు అనుమతింపబడినది. మండూరమిచ్చిన మన వైద్యుడు చూచినచో దానిని తన మందుకు దూరపుబంధువుగా గుర్తించియుండును. 2016లో స్టాన్‌ఫర్డు పరిశోధకులు ఆ మందే, కాన్సరు మందేదియు అంటింపకయే, ఎలుకలలో గడ్డల పెరుగుదలను తగ్గించుట గమనించిరి. రొమ్ము కాన్సరు ముందుగా ఏ రసగ్రంథికి ప్రాకునో గుర్తించుటకు ఇనుపరేణువుల ద్రవమును వాడు పద్ధతికి 2018లో అమెరికా అనుమతి వచ్చినది. మన దేశమునను బొంబాయి ఐఐటీవంటి సంస్థలలో ఈ విషయమై పరిశోధన జరిగినది. కనుక ఆ బాణము ఇంకను గుఱికి తగులలేదు గాని, వింటికి ఎక్కినదని చెప్పవచ్చును.

ఈ కథనంతయు చదివిన పిదప నాకు తోచినదొక్కటే. పదార్థము దుర్లభము కాదు. బస్తరులో కొండలకు కొండలే కలవు. ఆకర్షణ క్రొత్త కాదు, సుశ్రుతుడే ఎఱుగును. మందులును ఉన్నవి. కష్టమంతయు చేర్చుటయందున్నది. ఉద్యోగులమైన మనకు ఇది తెలియని విషయమా? మంజూరు చేయుట ఒక యెత్తు. మంజూరైనది అర్హునియొద్దకు చేర్చుట పది యెత్తులు. నడుమ ఎన్ని కాలేయములు, ఎన్ని ప్లీహములు!

బస్తరు విషయమును ఈ దృష్టితో చూడగా మనస్సు కలగకపోదు. రాయి చేరవలసినచోటికి తప్పక చేరినది; దానికై కొండలు తొలిచి సొరంగములు, సముద్రమున రేవు కట్టితిమి. గనుల బురద కలసి శంకినీనది ఎఱ్ఱబాఱిన సంగతి లోకప్రసిద్ధము. ప్రతిఫలముగా ఆ సీమకు చేరినదెంత? చేరినవి లేకపోలేదు. 2006లో జగదల్పురమున వైద్యకళాశాల ఏర్పడినది. 2023లో నగర్‌నార్ కడ ఏటికి 30 లక్షల టన్నుల ఉక్కు చేయగల కర్మాగారము పని ప్రారంభించినది. ఇక రాతిలో కొంత సొంతసీమలోనే ఉక్కు కానున్నది. విశాఖ చెంత అగనంపూడిలో టాటా స్మారక సంస్థవారి హోమీభాభా కాన్సరు ఆసుపత్రి వెలసినది. అయినను అడవిలోని పల్లెనుండి రోగి పెద్ద ఆసుపత్రి చేరుట నేటికిని సులభము కాదు.

మా మేనత్తగారి చికిత్స ముగిసినది. తలవెండ్రుకలు మరల వచ్చినవి. మునుపటికంటె ఒత్తుగా వచ్చినవని ఆమె వాదము. మొన్న సంక్రాంతికి పోయినపుడు ఆమె ప్రశ్నకు సమాధానముగా ఈ కథయంతయు చెప్పితిని. ఉన్నచోటికే మందు పంపు దారికై వైద్యులు ఇంకను వెదకుచున్నారనియు, దానిని మోయుటకు వారు ఎన్నుకొన్న గుఱ్ఱము ఇనుపరేణువనియు, అట్టి ఇనుము కొండలకొలది మన రైలుదారి చివర నున్నదనియు వివరించితిని. ఆమె అంతయు విని, కొంతసేపు ఊరకుండి, "బాగానే ఉంది గానీ నాయనా, ఆ కొండ దగ్గర వాళ్ళకి నా జబ్బు చేస్తే ఏ ఊరు వెళ్తారురా?" అని యడిగినది.

"ఆ రాయి వచ్చే రైల్లోనే విశాఖ రావాలి అత్తయ్యా" అంటిని. ఆమె మఱేమియు అనలేదు. ఒక్కచోటి వ్యాధికి ఒళ్ళంతయు ఏల కాలవలెనన్న ఆమె మొదటి ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఎప్పుడో యొకప్పుడు సమాధానము చెప్పుదురు. రెండవ ప్రశ్న మాత్రము వారికి వేసినది కాదు. అది మనవంటివారి బల్లలమీదికి రావలసినది.